రౌటర్ కొనకుండా రౌటర్ నేర్పడం ఎలా?

సంఘానికి చేయూతనిచ్చే పెద్దలు కంప్యూటర్ శిక్షణ మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న తప్పక అడుగుతారు: “ఎన్ని కంప్యూటర్లు కావాలి మాస్టారూ?” అడగవలసిన ప్రశ్నే. కాని పాఠం చెప్పేవాడికి అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంటుంది. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్ల లేదా పిల్లవాడు ఆరు నెలల తర్వాత ఏ పని చేయగలగాలి? ఆ పనికి జీతం ఇచ్చేవాళ్లు ఉన్నారా?

అలాంటి పనుల్లో నెట్‌వర్క్ పని ఒకటి. ఆసుపత్రి, బ్యాంకు, కళాశాల, గిడ్డంగి, హోటల్ ఏదైనా సరే, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి, అవి తెగిపోకుండా చూసే మనిషి కావాలి. ఇంజనీరింగ్ పట్టా లేకపోయినా చేతిలో పని ఉంటే నిలబడగలిగే వృత్తి ఇది. చిక్కల్లా నేర్పడంలో ఉంది. ఒక్క టెలిఫోను ఉన్నవాడు ఎవరికీ ఫోన్ చేయలేడు. అలాగే ఒక్క రౌటర్‌తో నెట్‌వర్క్ పాఠం చెప్పలేం. విద్యార్థికి కనీసం మూడు నాలుగు రౌటర్లు కావాలి, ఇరవై మంది విద్యార్థులకు డెబ్బై ఎనభై కావాలి. కార్యాలయాల్లో వాడే రౌటర్లు అంత సంఖ్యలో కొనడం ఏ సంఘానికీ సాధ్యం కాదు. కొన్నా వాటి కరెంటు బిల్లు, మోత, వేడి భరించడానికి ఇంకో గది కావాలి.

దీనికి ఒక ఉపాయం ఉంది. రౌటర్ పెట్టెను వదిలి, ఆ పెట్టెలో పనిచేసే వ్యవస్థను మాత్రం తెచ్చి మామూలు కంప్యూటర్‌లో నడపడం. ఆ ఉపాయం ఎలా పనిచేస్తుంది, అందులో ఏది న్యాయం, ఏది కాదు, మన సొమ్ము ఎక్కడ పెడితే ఫలితం ఉంటుంది అన్నవి ఈ వ్యాసంలో వివరిస్తాను. సాంకేతిక విద్య చదవనివారికి కూడా అర్థమయ్యేలా మొదటి మెట్టు నుంచే మొదలుపెడదాం.

రౌటర్ చేసే పని

తపాలా పిన్ కోడ్ అందరికీ తెలిసిందే. ఆరు అంకెలు. మొదటి అంకె 5 అయితే ఆ ఉత్తరం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక వైపు వెళ్లాలి. మొదటి రెండు అంకెలు 50 అయితే తెలంగాణ. 51, 52, 53 అయితే ఆంధ్రప్రదేశ్. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగికి గుంటూరులో మన వీధి ఎక్కడుందో తెలియనక్కరలేదు. ముందున్న అంకెలు చూసి సరైన సంచిలో వేస్తే చాలు. మన ఊరు దగ్గరపడే కొద్దీ మిగిలిన అంకెలు చూసేవాళ్లు ఉంటారు.

రౌటర్ కూడా ఇదే చేస్తుంది. తన దగ్గరకు వచ్చిన ప్రతి సమాచారపు పొట్లం మీద గమ్యం చిరునామా చూస్తుంది. తన దగ్గరున్న దారుల పట్టికతో పోలుస్తుంది. ఏ వరుసతో ఎక్కువ భాగం సరిపోలితే ఆ దారినే పంపుతుంది. పట్టికలో ‘5తో మొదలైతే ఇటు’ అని ఒకటి, ‘52తో మొదలైతే అటు’ అని ఇంకొకటి ఉంటే, 522తో మొదలయ్యే ఉత్తరం రెండో దారినే పోతుంది. నెట్‌వర్క్ విద్యలో మొదటి సూత్రం ఇదే. పిన్ కోడ్‌తో చెబితే ఎనిమిదో తరగతి పిల్లలు కూడా పట్టుకుంటారు.

మరి ఆ పట్టికను ఎవరు రాస్తారు? కొంత మనిషి రాస్తాడు. మిగతాది రౌటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని రాసుకుంటాయి. ఆ మాటల పద్ధతిని నేర్చుకోవడానికే ఒకటి కంటే ఎక్కువ రౌటర్లు కావాలి.

ఇమేజ్ అంటే ఫొటో కాదు

ఇమేజ్ అనగానే పిల్లలు బొమ్మ అనుకుంటారు. ఇక్కడ అర్థం వేరు. రౌటర్ పెట్టెలో ప్రాసెసర్, మెమరీ, తీగలు గుచ్చే పోర్టులు ఉంటాయి. వాటిని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ లేకపోతే అది ఉత్త ఇనుప డబ్బా. సిస్కో రౌటర్లలో ఆ వ్యవస్థ పేరు ఐఓఎస్. జునిపర్ వారిది జునోస్. మైక్రోటిక్ వారిది రౌటర్‌ఓఎస్. ఈ వ్యవస్థ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టి ఇస్తారు. ఆ ఫైలునే ఇమేజ్ అంటారు. అంటే వ్యవస్థకు యథాతథమైన పూర్తి ప్రతి అన్నమాట.

ఈ ఫైలు పేరు చదవడమే ఒక చిన్న పాఠం. పాత సిస్కో ఇమేజ్ పేరులో మొదటి ముక్క అది ఏ రౌటర్ శ్రేణికి చెందినదో చెబుతుంది, ఉదాహరణకు 7200. రెండో ముక్క అందులో ఏ సౌకర్యాలున్నాయో చెబుతుంది. అందులో ‘కే9’ అని ఉంటే గట్టి సంకేతలిపి సదుపాయం ఉందని అర్థం. ఆ తర్వాత ‘ఎం’, ‘జెడ్’ అని రెండక్షరాలు ఉంటాయి. మొదటిది ఈ వ్యవస్థ మెమరీలోకి ఎక్కి నడుస్తుందని, రెండోది ఫైలు కుదించి ఉందని తెలుపుతాయి. చివరి అంకెలు సంచిక. డబ్బా మీద చీటీ చదివి మందు ఇచ్చే కాంపౌండరులాగా, పేరు చదివి ఇమేజ్ ఎంచుకోవడం విద్యార్థికి మొదటి వారంలోనే రావాలి.

కంప్యూటర్‌లో రౌటర్ ఎలా నడుస్తుంది?

ఇక్కడ రెండు పద్ధతుల తేడా తెలియాలి.

మొదటిది అనుకరణ. సిస్కో వారి ప్యాకెట్ ట్రేసర్ ఇలాంటిది. అందులో రౌటర్ బొమ్మలుంటాయి, ఆదేశాలు టైపు చేస్తే అసలు రౌటర్ చెప్పినట్టే జవాబులు వస్తాయి. కాని లోపల అసలు ఐఓఎస్ ఉండదు. ఫలానా ఆదేశానికి ఫలానా జవాబు ఇవ్వాలని రాసిన ప్రోగ్రామ్ మాత్రమే ఉంటుంది. జీవశాస్త్రం గదిలో ప్లాస్టిక్ గుండె నమూనా ఎలాంటిదో ఇది అలాంటిది. గదులు, కవాటాలు చూపడానికి ఎంతో మంచిది. కాని అది కొట్టుకోదు.

రెండోది అసలు ఇమేజ్‌నే నడపడం. మన కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ ఊహా యంత్రాన్ని తయారుచేస్తుంది. దానికి ఇంత మెమరీ, ఇన్ని పోర్టులు అని కేటాయిస్తుంది. ఇమేజ్ దాన్నే నిజమైన రౌటర్ అనుకుని లేచి కూర్చుంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ ఫియో 2005లో మొదలుపెట్టిన డైనమిప్స్ అనే ప్రోగ్రామ్ సిస్కో 7200 శ్రేణి రౌటర్ ప్రాసెసర్‌ను మామూలు కంప్యూటర్‌లో అనుకరించి, అసలు ఐఓఎస్ ఇమేజ్‌ను నడిపించింది. తర్వాత జీఎన్ఎస్3 వచ్చి, మౌస్‌తో రౌటర్లను తెర మీద పెట్టి తీగలు కలిపే వీలు కల్పించింది. ఈవీఈ-ఎన్‌జీ, సిస్కో వారి మోడలింగ్ ల్యాబ్స్ కూడా ఇదే కోవలోవి. తర్వాత కంపెనీలే పెట్టెతో పని లేకుండా నడిచే ఇమేజ్‌లు తయారుచేయసాగాయి.

పాత ఇమేజ్‌లతో ఒక తంటా ఉండేది. రౌటర్‌కు పని లేకపోయినా కంప్యూటర్ ప్రాసెసర్ వంద శాతం తిరుగుతూనే ఉండేది. స్టాండులో సవారీ కోసం ఎదురుచూస్తూ ఇంజను ఆపని ఆటో లాంటిదన్నమాట. అసలు రౌటర్‌లో ప్రాసెసర్ దాని సొంతం కాబట్టి అక్కడ నష్టం లేదు. మన కంప్యూటర్‌లో నాలుగు రౌటర్లు అలా తిరిగితే అంతా స్తంభించిపోతుంది. అందుకే డైనమిప్స్‌లో ఐడిల్-పీసీ అనే విలువ పెడతారు. ఇమేజ్ ఏ చోట ఊరికే తిరుగుతోందో అది చెబుతుంది. అక్కడికి రాగానే ప్రోగ్రామ్ కాసేపు విశ్రమిస్తుంది. ఈ ఒక్క అమరికతో ప్రాసెసర్ మీద భారం బాగా తగ్గుతుంది.

ఒక పాఠం నమూనా

ఇది తరగతిలో ఎలా ఉంటుందో చూపడానికి ఒక పాఠం చెబుతాను. తెర మీద మూడు రౌటర్లు పెట్టి వాటికి గుంటూరు, కర్నూలు, వరంగల్ అని పేర్లు పెడతాం. త్రిభుజంలా ఒకదానికొకటి కలుపుతాం. గుంటూరు వెనుక ఒక కంప్యూటర్, వరంగల్ వెనుక ఒక కంప్యూటర్.

ముందు చిరునామాలు. గుంటూరు, కర్నూలు మధ్య తీగకు 10.0.12.0/30 ఇస్తాం. చివర ఉన్న 30 అంటే ఆ వరుసలో నాలుగే చిరునామాలున్నాయని అర్థం. మొదటిది వరుస పేరు, చివరిది అందరినీ ఒకేసారి పిలవడానికి. మిగిలినవి రెండు, తీగకు ఉన్న కొసలు రెండు. సరిపోయింది. లెక్కల మాస్టారు చెప్పిన రెండు ఘాతాలు ఇక్కడ అక్కరకు వస్తాయి. మిగతా తీగలకూ ఇలాగే ఇస్తాం.

తర్వాత రౌటర్లు మాట్లాడుకునే ఓఎస్‌పీఎఫ్ పద్ధతిని మూడింటిలోనూ పెడతాం. ప్రతి రౌటర్ మామూలుగా 10 సెకన్లకొకసారి పక్కవాడిని పలకరిస్తుంది. 40 సెకన్లు జవాబు లేకపోతే పక్కవాడు లేడని నిశ్చయించుకుంటుంది. గుంటూరు కంప్యూటర్ నుంచి వరంగల్ కంప్యూటర్‌కు సెకనుకు ఒకటి చొప్పున పింగ్ పంపుతాం. జవాబులు వరుస సంఖ్యలతో వస్తుంటాయి.

ఇప్పుడు అసలు పాఠం. గుంటూరు, వరంగల్ మధ్య ఉన్న సూటి దారి మూసేస్తే ఏమవుతుంది? మీట నొక్కకముందే ప్రతి విద్యార్థీ తన అంచనా నోటు పుస్తకంలో రాయాలి. ఇది నా నియమం. ఊహించి రాసినవాడికే జరిగినదాన్ని చూసి ఆశ్చర్యపడే హక్కు ఉంటుంది.

మొదట గుంటూరు రౌటర్‌లో ఆ పోర్టును ఆదేశంతో మూసేస్తాం. కొద్ది సంఖ్యలు తప్పిపోయి, కర్నూలు మీదుగా జవాబులు మళ్లీ మొదలవుతాయి. పోర్టు పోయిందని రౌటర్‌కు వెంటనే తెలిసింది కాబట్టి. పోర్టు తెరిచి రెండోసారి చేస్తాం. ఈసారి రెండు రౌటర్ల మధ్య రెండు స్విచ్‌లు పెట్టి, ఆ స్విచ్‌ల నడుమ తీగ తెంపుతాం. రెండు రౌటర్లకూ తమ దగ్గర దీపం వెలుగుతూనే కనిపిస్తుంది. దారి తెగిందని వాటికి తెలియదు. పలకరింపులు ఆగి, 40 సెకన్ల గడువు తీరేదాకా పొట్లాలు పోతూనే ఉంటాయి. తప్పిపోయిన సంఖ్యలు లెక్కపెట్టమంటే పిల్లలు సుమారు ముప్పయి నుంచి నలభై ఐదు దాకా చెబుతారు.

ముప్పయి ఎందుకు, నలభయ్యే ఎందుకు కాదు? చివరి పలకరింపు తీగ తెగడానికి పది సెకన్ల లోపు ఎప్పుడో వచ్చి ఉంటుంది కాబట్టి. నలభై దాటితే? కొత్త దారి లెక్క కట్టడానికి ఇంకొన్ని సెకన్లు పట్టింది కాబట్టి. ఉద్యోగంలో చేరాక అద్దె లైను నడుమన ఎక్కడో తెగి, రెండు చివర్లా దీపాలు వెలుగుతున్న రోజున ఈ పాఠం గుర్తుకొస్తుంది. ఇలాంటి విషయం నల్లబల్ల మీద గీసి చెబితే అర్థమవుతుంది గాని మనసులో నిలవదు.

పైగా ఎంత పాడుచేసినా నష్టం లేదు. ఖరీదైన పెట్టె ముందు పేదింటి పిల్లలు చేతులు కట్టుకుని నిలబడతారు, ఏమైనా అయితే ఎవరు కడతారన్న భయంతో. ఇక్కడ పాడైతే చెరిపి మళ్లీ మొదలుపెట్టవచ్చు. వారంలో ఒక రోజు నేనే కావాలని ఒక తప్పు పెట్టి ‘కనిపెట్టండి’ అనవచ్చు. కరెంటు పోయినా పాఠమే. మార్పులను భద్రపరచమనే ఆదేశం ఇవ్వనివాడి పనంతా పోతుంది, ఇచ్చినవాడిది నిలుస్తుంది. ఒక్కసారి పోగొట్టుకున్నవాడు మళ్లీ మరచిపోడు.

న్యాయమైన ఇమేజ్ ఏది?

దాతలు ముఖ్యంగా గమనించవలసింది ఇది. నడిపే ప్రోగ్రామ్ ఉచితమైనంత మాత్రాన అందులో నడిచే ఇమేజ్ ఉచితం కాదు. జీఎన్ఎస్3 ఎవరైనా తెచ్చుకోవచ్చు. కాని అది సిస్కో ఇమేజ్‌లను ఇవ్వదు. అవి ఆ కంపెనీ ఆస్తి. అన్ని ఇమేజ్‌లూ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తామని ఎవరైనా ముందుకొస్తే, అది ఎంత చవకైనా వద్దనాలి. దొంగ కాపీ మీద పని నేర్పి, ‘నీతిగా బతుకు’ అని ఆ విద్యార్థికి ఏ ముఖంతో చెబుతాం? దాతల సొమ్ము మన చేతిలో అమానత్. అది న్యాయంగా వచ్చినట్టే న్యాయంగా ఖర్చు కావాలి. ఇది కాక, ఊరూ పేరూ లేని ఇమేజ్‌లో ఎవరు ఏ విషం కలిపారో తెలియదు.

అదృష్టవశాత్తు న్యాయమైన దారులు చాలానే ఉన్నాయి. ప్యాకెట్ ట్రేసర్ సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ఉచితం. మోడలింగ్ ల్యాబ్స్‌లో సిస్కో ఇమేజ్‌లు కంపెనీ అనుమతితోనే వస్తాయి. దాని ఉచిత రూపంలో ఒకేసారి 5 పరికరాలు నడపవచ్చు. పైన చెప్పిన పాఠంలో మూడు రౌటర్లు, రెండు కంప్యూటర్లు కలిసి సరిగ్గా ఐదు. సాధారణ స్విచ్‌లు ఆ లెక్కలోకి రావు. వ్యాటా నుంచి 2013లో విడివడిన వైఓఎస్ బహిరంగ వ్యవస్థ. దాని రోలింగ్ ఇమేజ్‌లు ఎవరైనా తీసుకోవచ్చు. మైక్రోటిక్ వారి క్లౌడ్ హోస్టెడ్ రౌటర్ ఉచిత లైసెన్సుకు కాలపరిమితి లేదు, వేగం మాత్రం పోర్టుకు 1 ఎంబీపీఎస్ దాటదు. నేర్చుకోవడానికి ఆ వేగం ఎక్కువే. జునిపర్ కూడా ప్రయోగశాలల కోసం వీజునోస్ ఇమేజ్‌లను ఉచితంగా ఇస్తోంది.

కంపెనీ సైటు నుంచి దించుకున్న ఫైలును కూడా సరిచూసుకోవడం నేర్పాలి. చాలా కంపెనీలు ఫైలు పక్కన 64 అక్షరాల ఎస్‌హెచ్ఏ-256 గుర్తు ఇస్తాయి. మన దగ్గరి ఫైలుకు అదే గుర్తు వస్తే ఒక్క అక్షరం కూడా మారలేదని అర్థం. తూకం వేసి సరుకు తీసుకున్నట్టే ఇదీ.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

ప్రతి ఊహా రౌటర్‌కూ మెమరీ కావాలి. ఇక్కడ లెక్క కట్టకుండా కొంటే మోసపోతాం. మైక్రోటిక్ రౌటర్‌కు 256 ఎంబీ ఇస్తే బాగా నడుస్తుంది. పది పెట్టినా రెండున్నర జీబీ. అదే వీజునోస్ రౌటర్‌కు ఒక్కోదానికి 5 జీబీ కావాలి. మూడు పెడితే 15 జీబీ. కంప్యూటర్‌లో ఉన్నదే 16 జీబీ అయితే ఇక దాని సొంత వ్యవస్థకు చోటుండదు. కాబట్టి తేలికపాటి ఇమేజ్‌లతో మొదలుపెట్టాలి. కొనేటప్పుడు మెమరీ పెంచుకునే వీలు, ఎస్ఎస్‌డీ ఉన్నాయా అని చూడాలి. కంప్యూటర్ బయోస్ అమరికలో వర్చువలైజేషన్ అనే సదుపాయం ఆన్ చేయాలి. ఇది ఆపి ఉన్నందుకే ‘మా కంప్యూటర్‌లో రాదు’ అని వదిలేసేవాళ్లు ఎందరో.

ఇంకో దారి, ఒక్క పెద్ద సర్వర్ కొని అందరూ దాన్నే పంచుకోవడం. 20 మంది విద్యార్థులు, తలా నాలుగు రౌటర్లు అంటే 80. ఒక్కోదానికి అర జీబీ వేసుకుంటే 40 జీబీ. 64 జీబీ ఉన్న సర్వర్‌లో అందరికీ సరిపోతుంది. విద్యార్థులు పాత కంప్యూటర్లలోనే బ్రౌజర్ తెరిచి పనిచేసుకోవచ్చు. రౌటర్లన్నీ సర్వర్‌లోనే ఉంటాయి కాబట్టి దానికి మంచి యూపీఎస్ పెడితే పాఠం భద్రం. ఇతరులు పక్కన పెట్టిన పాత కంప్యూటర్లు విరాళంగా వస్తే అవి ఇక్కడ చక్కగా ఉపయోగపడతాయి.

అయితే ఊహా ప్రయోగశాల అన్నీ నేర్పదు. తీగ కొసను ఒలిచి రంగుల వరుసలో పేర్చి క్రింప్ చేయడం, ఫైబర్‌ను శుభ్రం చేయడం, ర్యాక్‌లో పెట్టె బిగించడం, ఎర్తింగ్ చూడడం, ఇవి చేత్తోనే రావాలి. అందుకని రెండు పాత రౌటర్లు, ఒక స్విచ్, ఒక తీగల చుట్ట, నాలుగు క్రింపింగ్ పనిముట్లు కొనాలి. అంతే, డెబ్బై ఎనభై పెట్టెలు వద్దు.

అలా మిగిలిన సొమ్ము ఎక్కడికి పోవాలో కూడా చెబుతాను. ఈ రంగంలో తొలి మెట్టుగా గుర్తింపు పొందిన సీసీఎన్ఏ పరీక్ష రాయడానికి ముందస్తు అర్హతలేమీ అడగరు. పరీక్ష ఫీజు 300 అమెరికన్ డాలర్లు, పన్ను అదనం. రోజు కూలీ ఇంట్లో ఆ మొత్తం ఒక్కసారిగా తీయడం కష్టం. పాఠం పూర్తిగా వచ్చిన విద్యార్థి ఫీజు దగ్గర ఆగిపోతే ఆరు నెలల శ్రమ గుమ్మంలోనే నిలిచిపోయినట్టు. ఆ సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. ఆ మూడేళ్లలో ఉద్యోగం దొరికితే తర్వాతి ఫీజు తానే కట్టుకుంటాడు, వీలైతే ఇంకొకరిది కూడా కడతాడు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. శిక్షణ కోసం దూరపు నగరానికి పంపడానికి చాలా ఇళ్లలో ఒప్పుకోరు. పెట్టెలతో నిండిన ప్రయోగశాలను మన వీధికి తేలేం. సర్వర్‌లో ఉన్న ప్రయోగశాల మాత్రం ఇంట్లో కంప్యూటర్, ఇంటర్నెట్ ఉన్నచోటికల్లా వస్తుంది. తల్లి పక్కన కూర్చునే ఆ అమ్మాయి గుంటూరు నుంచి వరంగల్‌కు దారి వేయగలదు. ఈ ఒక్క కారణం చాలు, ఈ పద్ధతిని ఎంచుకోవడానికి.

కనుక ఎవరైనా కంప్యూటర్ శిక్షణకు సాయం అడిగినప్పుడు పెద్దలు నాలుగు ప్రశ్నలు వేయాలని మనవి. విద్యార్థికి తలా ఎన్ని రౌటర్లు నడపగలరు? ఇమేజ్‌లు ఎక్కడి నుంచి తెచ్చారు, వాటికి అనుమతి ఉందా? నేర్పే మనిషికి జీతం ఎంత పెట్టారు? పరీక్ష ఫీజుకు ఎంత ఉంచారు? నాలుగింటికీ సూటి జవాబు వస్తే ఇవ్వండి. ఏ ఒక్కటి తడబడినా, అది సరిచేసుకుని రమ్మని చెప్పండి. మీరు అడిగే ఆ ప్రశ్న కూడా పిల్లలకు చేసే సాయమే.